మోగని బజరు

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, మేరీలాండులోని చెసాపీక్ అఖాతంలో మా మిత్రుని తెరచాప పడవలో ఉన్నాను. గాలి పూర్తిగా పడిపోయింది. పెద్ద ఓడలు తిరిగే దారిని దాటుతున్నాము కనుక చాప దించి డీజిల్ ఇంజను నడిపించాడు. పావుగంట గడిచేసరికి పొగగొట్టం నుండి నీరు రావడం మానివేసి, ఆవిరి రాసాగింది. ఇంజనును చల్లబరచే నీటి దారికి నాచు అడ్డుపడిందని తరువాత తెలిసింది. ఆ సంగతి మాకు చెప్పినవి మా కళ్ళే. చెప్పవలసిన అలారం కిక్కురుమనలేదు. ఇంజను ఆపివేసి, దూరాన కనబడుతున్న సరుకుల ఓడ మా మీదికి వస్తుందా, పక్కనుంచి పోతుందా అని చూస్తూ గడిపిన ఆ ఇరవై నిమిషాలను నేను మరువలేను. చివరికి చిరుగాలి లేచి మమ్మల్ని దారి పక్కకు చేర్చింది.

తరువాతి శనివారం ఇద్దరమూ కొత్త బజరు బిగించడానికి కూర్చున్నాము. మీటర్ల పలక విప్పి చూద్దుము గదా, పాత బజరుకు వెళ్ళే తీగను ఎవరో శుభ్రంగా కత్తిరించి, కొసకు నల్లటి టేపు చుట్టి పెట్టారు! మునుపు ఆ పడవ ఎవరిదో గాని, తాళం తిప్పినప్పుడల్లా వచ్చే రొద భరించలేక చేసిన పని కాబోలు. ఆ తీగను చూడగానే నాకు 1803 నాటి గ్రీనిచ్ గుర్తుకు వచ్చింది.

కార్న్‌వాల్ వాసి రిచర్డ్ ట్రెవితిక్ అధిక పీడన ఆవిరి యంత్రాలను నిర్మిస్తున్న కాలమది. లండను దగ్గరి గ్రీనిచ్‌లో, ఒక కట్టడపు పునాదుల నుండి నీరు తోడడానికి ఆయన యంత్రం ఒకటి పనిచేస్తున్నది. 1803 సెప్టెంబరులో అది పేలింది. ముగ్గురు అక్కడికక్కడే చనిపోయారు, నాలుగవవాడు గాయాలతో తరువాత పోయాడు. జరిగినదాన్ని ట్రెవితిక్ తన మిత్రుడు డేవీస్ గిడ్డీకి ఒక లేఖలో వివరించాడు. యంత్రాన్ని చూసుకోవలసిన కుర్రవాడు, దానిని ఒక కూలీకి అప్పగించి, పునాది గుంటలలో మలుగుచేపలు పట్టడానికి వెళ్ళాడు. యంత్రం మితిమీరిన వేగంతో తిరుగుతున్నదని కూలీ దాన్ని ఆపాడు. కాని ఆవిరిని వదిలే వాల్వు మీటను స్పానరుతో బిగించి ఉంచారని ఎరుగడు. ఆవిరికి బయటికి పోయే దారి లేకపోయింది. గంట తరువాత తిరిగివచ్చిన కుర్రవాడు ఆ బిగింపు తీయబోతున్న క్షణంలోనే బాయిలరు పగిలింది. అతడు గాయపడి బ్రతికాడు.

అధిక పీడనమే ప్రమాదకరమని చాటడానికి బౌల్టన్, వాట్ వర్గం ఈ దుర్ఘటనను బాగా వాడుకున్నది. ట్రెవితిక్ మాత్రం తప్పు యంత్రంలో కాక దాని నిర్వహణలో ఉందని నమ్మాడు. అలాగని కుర్రవాణ్ణి తిట్టి ఊరుకోలేదు. ఇకపై తన బాయిలర్లకు రెండు సేఫ్టీ వాల్వులు పెట్టాడు. అందులో ఒకటి పనివాని చేతికి అందదు. నీటిమట్టం తగ్గకూడని హద్దుకు కాస్త కిందుగా బాయిలరులో ఒక సీసపు బిరడా కూడా బిగించాడు. నీరు కప్పి ఉన్నంతసేపు సీసం చల్లగా ఉంటుంది. నీరు తగ్గి బిరడా బయటపడితే, 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఆ రంధ్రం గుండా ఆవిరి బుస్సుమంటూ పొయ్యిలోకి దూకుతుంది. పీడనం తగ్గుతుంది, ఆ చప్పుడే హెచ్చరిక అవుతుంది. చేపలు పట్టబోయిన కుర్రవాడు లేకపోయినా సీసం అక్కడే కాపలా ఉంటుంది.

మా పడవలోని అలారం ఆ బిరడాకు దూరపు మనుమడు. 1831లో జోసెఫ్ హెన్రీ ఆల్బనీలో మైలుకు పైగా పొడవైన తీగ చివర విద్యుత్తుతో గంట మోగించి, హెచ్చరికను ప్రమాదస్థలం నుండి దూరానికి పంపవచ్చునని చూపాడు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. దానికి విలోమం కూడా నిజమే. విద్యుత్తు పంపితే స్ఫటికం అదురుతుంది. మేము బిగించిన పీజో బజరు మోగేది ఆ అదురుతోనే.

తీగల అమరిక చాలా సులువు. తాళం నుండి ఫ్యూజు, ఫ్యూజు నుండి బజరు, బజరు నుండి రెండు స్విచ్చులు, వాటి ద్వారా ఇంజను లోహపు దిమ్మె. ఆయిల్ స్విచ్చు పీడనం లేనప్పుడు మూసుకొని ఉంటుంది. అందుకే తాళం తిప్పగానే బజరు మోగి, ఇంజను అందుకోగానే ఆగుతుంది. పాత యజమానికి రొదగా తోచినది నిజానికి “నేను బ్రతికే ఉన్నాను” అన్న పలకరింపు. ఉష్ణోగ్రత స్విచ్చుకు ఆ పలకరింపు లేదు. ఇంజను అతిగా వేడెక్కితేనే అది మూసుకుంటుంది. దాని తీగ తెగినా చల్లని ఇంజనులో ఎవరికీ తెలియదు. ఆ తీగను విప్పి లోహానికి తాకించి చూసుకోవడమే మార్గం.

కత్తెర వేసినవాణ్ణి తప్పుపట్టడం తేలిక. కాని 2010 ఏప్రిల్‌లో మెక్సికో అఖాతంలో పదకొండుమందిని బలిగొన్న డీప్‌వాటర్ హొరైజన్ మీద కూడా, తప్పుడు మోతలతో నిద్ర చెడకూడదని అలారం తనంత తాను మోగకుండా చేసి ఉంచారని అక్కడి సాంకేతిక నిపుణుడు విచారణలో చెప్పాడు. మన విశాఖలో 2020 మే 7న వేకువకు ముందు స్టైరీన్ ఆవిరి వెంకటాపురం ఇళ్ళలోకి పాకినప్పుడు, కర్మాగారంలో సైరను మోగించే మీటలు ముప్పైఆరు చోట్ల ఉన్నాయనీ, ఏ ఒక్కటీ నొక్కలేదనీ ప్రభుత్వ కమిటీ తేల్చింది. పన్నెండుగురు పోయారు. మనిషి చెయ్యి పడితేనే మోగే హెచ్చరికను నమ్మరాదని ట్రెవితిక్ గ్రహించి అప్పటికి రెండు వందల పదిహేడేళ్ళు.

బిగింపు ముగిసి తాళం తిప్పాము. చెవులు చిల్లులు పడేలా మోగింది. మిత్రుడు చెవులు మూసుకొని, “ఆ కత్తెర వేసినవాడి బాధ ఇప్పుడర్థమైందండీ!” అన్నాడు. ఇద్దరమూ నవ్వుకున్నాము. తరువాత అతడు ప్రతి ఏటా ఉష్ణోగ్రత తీగను తాకించి చూడాలని పలక వెనుక రాసి, కింద ఆనాటి తేదీ వేశాడు.