కౌబాయి మూకచిత్రములు – వాని పుట్టుక, నాశము

అమెరికా పశ్చిమ సీమలో గుఱ్ఱములెక్కి పశువుల మందలను తోలుకొనిపోవు కాపరులను కౌబాయిలందురు. వారి సాహసములను కథలుగా అల్లి తీసిన చలనచిత్రములకు వెస్టర్నులని పేరు. చిత్రములకు మాటలు రాని దినములలో ఇట్టివి వందలకొలదిగా వెలువడెను. వానిలో పెక్కు స్వల్పవ్యయముతో తీసినవే.

1903లో ఎడిసన్ కంపెనీకై ఎడ్విన్ పోర్టర్ తీసిన ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ ఈ చిత్రములకు దారి చూపెను. దాని నిడివి సుమారు 12 నిమిషములు. అందు చిన్న వేషములు వేసిన గిల్బర్ట్ ఆండర్సన్, 1907లో జార్జి స్పూర్‌తో కలిసి షికాగోలో ఎస్సనే కంపెనీని స్థాపించెను. పిదప కాలిఫోర్నియాలోని నైల్స్ అను చిన్న ఊరిలో ‘బ్రాంకో బిల్లీ’ పాత్ర ధరించి, ఒకటి రెండు రీళ్ల చిత్రములను వరుసగా తీసెను.

రీలనగా సుమారు 1,000 అడుగుల ఫిల్ము. అడుగునకు 16 బొమ్మలుండును. సెకనుకు 16 బొమ్మల చొప్పున చూపినచో, ఒక రీలు 1,000 సెకనులు, అనగా దాదాపు 17 నిమిషములు నడచును.

ఈ చిత్రములకు ఖర్చు తగ్గుటకు కారణమేమి? ఎండయే వానికి దీపము. కొండలు, బయళ్లే రంగస్థలము. ఆనాటి ఫిల్ము నీలికాంతిని చురుకుగా గ్రహించును, ఎరుపును గ్రహింపదు. అందుచే నీలాకాశము తెల్లగను, ఎఱ్ఱని వస్తువు నల్లగను కనబడెడిది. 1920 తరువాత హాలీవుడ్డులోని గోవర్ వీధి ప్రాంతమున చిన్న కంపెనీలనేకము వెలసి, 5 రీళ్ల వెస్టర్నులను తీసినవి. ఆ పేటను ‘పావర్టీ రో’, అనగా పేదల వరుస, అనెడివారు. పశువుల పని వదలి వచ్చిన నిజమైన కౌబాయిలు వేషములకై అచ్చట కాచుకొని యుండెడివారు. కంపెనీలకు సొంత ప్రదర్శనశాలలు లేవు. కావున చిత్రములను ప్రాంతములవారీగా అమ్ముకొనెడివి.

1927 తరువాత మాటల చిత్రములు వ్యాపించుటతో వీనికి గిరాకీ పోయెను. పాత ఫిల్మును కరిగించి అందలి వెండిని తీసికొనుటయే లాభమని పలువురు తలచిరి. మిగిలినవానికి శత్రువు ఫిల్ములోనే ఉండెను.

ఆనాటి ఫిల్ము సెల్యులోజు నైట్రేటుతో చేసినది. కాలక్రమమున దానినుండి నత్రజని ఆక్సైడులు వెలువడును. అవి తేమతో కలిసి నత్రికామ్లముగా మారును. ఆ ఆమ్లము క్షయమును మరింత త్వరపరచును. మొదట బొమ్మ వెలిసిపోవును, పిదప ఫిల్ము జిగురుగా మారును, తుదకు గోధుమరంగు పొడియగును. అంటుకొన్నచో దహనమునకు వలయు ప్రాణవాయువు ఫిల్ములోనే ఉండుటచే నీట ముంచినను మంట ఆరదు. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ గిడ్డంగి తగులబడగా, ప్రఖ్యాత కౌబాయి నటుడు టామ్ మిక్స్ చిత్రములు పెక్కు బూడిదయ్యెను. పెద్ద కంపెనీకే ఈ గతి పట్టినప్పుడు, పేదల వరుసలోని చిత్రముల మాట చెప్పనక్కరలేదు.

1912–1929 నడుమ అమెరికాలో విడుదలైన పూర్తినిడివి మూకచిత్రములు 10,919 అనియు, తొలిరూపమున పూర్తిగా మిగిలినవి వానిలో 14 శాతమే అనియు 2013లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రకటించిన పరిశీలన తెలిపెను. అయితే 1978లో కెనడాలోని డాసన్ పట్టణమున, గడ్డకట్టిన నేలలో 500కు పైగా పాత రీళ్లు బయటపడెను. చలి రసాయనచర్యను మందగింపజేయుటయే అవి నిలుచుటకు ముఖ్యకారణము.

ఈ నష్టము అమెరికాకే పరిమితము కాదు. 1921లో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ నిర్మించిన ‘భీష్మప్రతిజ్ఞ’ కూడ నేడు లభించుట లేదు.

చౌక వెస్టర్నులలోని కథలు సామాన్యములే కావచ్చును. కాని ఆ గుఱ్ఱపుస్వారీ నిజమైనది, ఆ బయళ్లు నిజమైనవి. అప్పటి మనుష్యుల నడకను, పనిని చూపు సాక్ష్యములు అవి. మిగిలిన రీళ్లను చల్లని, పొడి గదులలో ఉంచి, నిలకడగల ఫిల్ముపైకి ప్రతులెత్తినచో ఆ సాక్ష్యము ముందు తరములకు దక్కును.