నవంబరు మాసము - గ్రంథాలయము

నవంబరు 14 మొదలు 20 వరకు మన గ్రంథాలయములలో వారోత్సవములు జరుగును. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వము. స్త్రీలకు ముగ్గుల పోటీ. కడపటి దినమున బహుమతులు. 1968 నుండి ఇదియే పద్ధతి. 1919లో ఆ 14వ తేదీననే మదరాసున అఖిలభారత గ్రంథాలయ మహాసభ కూడినది. అందులకై పాటుపడినవారిలో ముఖ్యులు అయ్యంకి వెంకటరమణయ్యగారు.

ఆనాటి కార్యకర్తలకు గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా మాత్రమే కాదు. భజనలు చేయుచు ఊరూర గ్రంథాలయ యాత్రలు సాగించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. పాఠకుడున్న చోటికి పుస్తకము పోవలెనని వారి పట్టుదల.

మా బందరు తీరమున నవంబరునకు మరియొక చరిత్ర గలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పట్టణముపై బడి ఇంచుమించు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది; మృతులు పదివేలకు పైబడిరి. ఈ రెండవ తేదీ వారోత్సవముల నడుమనే వచ్చును. అయినను ఆనాటి ముచ్చట ఆ వేదికపై నేను వినలేదు. నేనప్పటికి పుట్టలేదు. మా నాయనమ్మ చెప్పగా వింటిని, వ్రాసికొనలేదు. ఆమె యిప్పుడు లేదు.

19వ తేదీనాడు పోటీలు మాని, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతముల పెద్దలను పిలిచి, వారు చెప్పినది బడిపిల్లలచేత వ్రాయించి, ఆ ప్రతులను గ్రంథాలయమున భద్రపరుపరాదా? దీనికి సొమ్ము పని లేదు. నాలుగు నోటుపుస్తకములు చాలును. ఆనాడు పదేండ్ల పిల్లవాడుగా తాటిచెట్టు పట్టుకొని బ్రదికినవాడు నేడు అరువదికి చేరువలో నున్నాడు.