కారల్లం: బండల సందుల్లో పెరిగే మొక్క.. సైన్స్‌కు ఆ పేరిచ్చింది మన తెలుగే!

చూస్తే ఆకులే కనిపించవు. నాలుగు పలకల పచ్చటి కాడలు నేలలోంచి కొమ్ముల్లా పైకి లేస్తాయి. అందుకే దీన్ని 'కుందేటి కొమ్ములు' అంటారు. పాత తెలుగు పేరు కారల్లం. 1795లో విలియం రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఈ పేరును నమోదు చేశారు. ఆ తర్వాత రాబర్ట్ బ్రౌన్ ఈ రకం మొక్కలన్నిటికీ 'కారల్లుమా' అని పేరు పెట్టారు.

పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే గండి పరిసరాలు, నాపరాళ్ల క్వారీలున్న జమ్మలమడుగు ప్రాంతం.. ఇలా మట్టి తక్కువ, ఎండ ఎక్కువ ఉండే రాతి నేలలు దీనికి సరిపోతాయి. కాడల్లోనే నీళ్లు దాచుకుంటుంది. నీరు ఆవిరైపోకుండా పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటుంది. జిల్లేడు కుటుంబానికి చెందినదే. పూలపై ఈగలు వాలి పరాగసంపర్కం చేస్తాయి.

గొర్రెల కాపరులు ఆకలేస్తే ఈ కాడలు నమిలేవారు. ఇప్పుడు బరువు తగ్గించే మాత్రల్లోనూ దీని సారం వాడుతున్నారు. మరి నిజంగా బరువు తగ్గుతుందా? బెంగళూరులో జరిగి 2007లో వెలువడిన పరిశోధనలో ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

గుట్టను తవ్వేస్తే దానిమీది మొక్కా పోతుంది. వేళ్లతో పీకితే మళ్లీ మొలవదు. కావాలంటే ఒక్క కాడ ముక్క తెచ్చి కుండీలో నాటండి, బతుకుతుంది.