బాలోద్యానమున ప్రకృతిశాస్త్రము

శాస్త్రమనగానే పెద్దతరగతులును, గాజుపాత్రలును, కఠినములైన పేర్లును మన మనస్సునకు దోచును. మూడేండ్ల శిశువునకు శాస్త్రమేమిటని యడుగువారు విద్యావంతులలోను గలరు. అట్టివారికి ఒక జర్మను ఉపాధ్యాయుని చరిత్రము తగిన సమాధానమని మేము తలంచుచున్నాము.

ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1782 వ సంవత్సరమున తురింగియా సీమలో జనించెను. ఏడాది నిండకమునుపే తల్లిని గోల్పోయెను. పదునైదవయేట అటవీశాఖవాని యొకని యొద్ద శిష్యుడుగా జేరి, చెట్లను మొక్కలను కనిపెట్టి చూచుట కలవాటుపడెను. 1808 మొదలు 1810 వఱకు స్విట్జర్లాండులో పెస్టలోజీ పాఠశాలయందుండి, మాటకు ముందు వస్తువును జూపవలెనను పద్ధతిని గ్రహించెను. పిమ్మట బెర్లినులో వైస్ అను పండితునికడ స్ఫటికములను వర్గీకరించు పని చేసెను. జడమగు ఱాతియందును ఒక నియమము గలదను సంగతి యాతని హృదయమున నాటుకొనెను.

ఆతడు 1837 లో బ్లాంకెన్‌బర్గున శిశువులకొక శాలను స్థాపించి, 1840 లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బాలోద్యానము, అని పేరిడెను. అందు శిశువులకు వరుసగా కొన్ని కానుక లొసంగబడుచుండెను. మొదటిది రంగురంగుల ఉన్నిబంతు లాఱు. రెండవది కొయ్యగోళము, ఘనము, స్తంభాకారము. గోళ మెటు త్రోసిన నటు దొర్లును, ఘనము నిలుచును, స్తంభాకారము నిలువబెట్టిన నిలుచును, పడవేసిన దొర్లును. మూడవది ఎనిమిది చిన్నఘనములుగా విడిపోవు పెద్దఘనము. దానిని విడదీసి మరల గూర్చిన శిశువునకు భాగమన నేమో, పూర్ణమన నేమో వేఱుగ జెప్పనక్కఱలేదు. తోటలో ప్రతిశిశువునకును ఒక చిన్నమడి యుండెను. విత్తుట, నీరుపోయుట, ఓపికతో నెదురుచూచుట, ఇదియే యాతని వృక్షశాస్త్రము. చేయి ప్రశ్నించును, వస్తువు ప్రత్యుత్తరమిచ్చును.

ఇట్టి నిరపాయమైన శాలలను 1851 లో ప్రష్యా ప్రభుత్వము నిషేధించెను! నాస్తికతను, సమష్టివాదమును బోధించుచున్నవని నిందమోపిరి. ఫ్రోబెల్ సోదరుని కుమారుని రచనలను ఫ్రోబెల్ రచనలుగా పొరబడుటయు నిందుకు గారణమాయెను. మఱుసటియేట నాతడు మరణించెను. నిషేధము 1860 లో గాని తొలగలేదు.

శత్రువులు చేసిన కీడు తొలగినను, మిత్రులు చేసిన కీడు నిలిచెను. పెక్కుచోట్ల ఆ కానుకలు కవాతుగా మాఱినవి. ఉపాధ్యాయిని ఆజ్ఞయిచ్చును, శిశువులందఱు నొక్కమాఱే ఘనమును కదల్తురు. చేతిలో వస్తువున్నను ప్రశ్న శిశువుది కాదు. అమెరికాలో జాన్ డ్యూయీ మొదలగువారు దీనిని విమర్శించిరి.

వైద్యురాలగు మరియా మాంటిసోరి 1907 లో రోమునగరపు పేదలవాడలో దెఱచిన శిశుగృహమున నీ లోపమునకు మందు గనుగొనెను. ఆమె చేయించిన కొయ్యదిమ్మెలో, గుంటలలో నిముడు స్తంభాకారములు గలవు. సన్ననిదానిని వెడల్పుగుంటలో నుంచినచో తుదకొకటి చోటులేక మిగులును. తప్పు తెలుపునది గురువు కాదు, ఆ కొయ్యయే. ఆమె 1939 లో మద్రాసునందలి అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణమొసంగెను. యుద్ధకాలమున కొన్నాళ్లు కోడైకెనాలున నుండెను. అంతకుముందే, 1920 లో, గిజూభాయి భావనగరమున బాలమందిరమును స్థాపించియుండెను.

1975 నుండి మనదేశమున అంగన్‌వాడీలు గలవు. 2020 నాటి జాతీయవిద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్ల వఱకు ఆటపాటలతోడి విద్యనే యుపదేశించుచున్నది. కాని శిశువింటికి రాగానే మనమడుగు ప్రశ్న యేది? నేడేమి వ్రాసితివి అనియే గదా! ఆ ప్రశ్నకు వెఱచి పాఠశాలలు నీళ్లతొట్టిని దాచి పలకను జూపుచున్నవి. ఈ దోషమున సగముపాలు మన యిండ్లదే.

దీనికి ధనమక్కఱలేదు. రెండుగుడ్డలలో పెసలు మూటగట్టి, ఒకదానినే తడిపి యుంచుడు. ఏది మొలకెత్తునో శిశువునే చూడనిండు. పళ్లెములో నీరుపోసి గులకఱాయి, ఎండుటాకు, కొబ్బరిచిప్ప ముందుంచుడు. ఏది మునుగునో ముందుగ నూహింపుమని యడిగి, పిమ్మట వేయనిండు. ఊహ తప్పినచో నవ్వవలదు, సమాధానము చెప్పవలదు. దగ్గఱ నుండి కాపాడుటయే పెద్దల పని.

పెద్దలు చెప్పినదానిని వల్లించుట నేర్చినవాడు మాట వినుట నేర్చును. నీటినడిగి నిజము తెలిసికొన్నవాడు, మాటలోని నిజమును గూడ పరీక్షించుట నేర్చును. మన బిడ్డ లేది నేర్వవలెనో నిర్ణయింపవలసినవారము మనమే.