మర్రి ఊళ్లో ఆముదపు చెట్టు

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు. మా పెండ్లిమర్రికి ఆ సామెత పొసగదు, ఊరి పేరులోనే మర్రి ఉంది. అయినా దీపావళి సంచికకు దీపపు నూనె గురించి రాయమనగానే నాకు దొడ్లో గోడవారగా పెరిగిన ఆముదపు చెట్టే కళ్లలో మెదిలింది.

క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు వైద్యగ్రంథం ఎబర్స్ పపైరస్‌లోనే ఆడవాళ్ల జుట్టుకూ, చర్మపు జబ్బుకూ ఆముదం ఉంది. మన ఆయుర్వేదం ఏరండమంది. లాటిన్‌లో పిడుదుకూ ఈ చెట్టుకూ ఒకటే పేరు, రిసినస్. 1753లో లిన్నేయస్ దాన్నే ఖాయం చేశాడు. ఇక నేను నేరుగా మా జేజి పొయ్యి దగ్గరికి వస్తాను.

వంటాముదం చేసేరోజు ఇల్లంతా ఒకటే వాసన. గింజల్ని మంగలంలో వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి కట్టెల పొయ్యి మీద ఉడికించేది. నురగతో నూనె తేలేది. దాన్ని గరిటెతో తేర్చి తీసి, చిటపటలు ఆగేదాకా విడిగా మళ్లీ కాచేది. చిటపట ఆగిందంటే నీరు ఇంకినట్టు. పచ్చిగింజలో రిసిన్ అనే విషముంది, పిల్లల్ని అటు రానిచ్చేది కాదు. ఆ విషం నూనెలోకి దిగదు, మరుగుకు విరిగిపోతుంది కూడా.

ఆ నల్లటి నూనెకు ఎన్ని పనులో! దీపానికి అదే, పసిబిడ్డ మాడుకు అదే, కిర్రుచెప్పులు మెత్తబడటానికి అదే, గడ్డిమసితో కలిపితే బండి ఇరుసుకు కందెన. చేనికి పోయొచ్చిన కాళ్ల పగుళ్లకూ అదే. ఇరుసును పట్టుకున్న జిగటే మడమనూ పట్టుకుంటుంది. ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. అందులోని హైడ్రాక్సిల్ భాగాలు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే అంత చిక్కదనం. చర్మం మీద పొరలా నిలిచి లోపలి తేమను పోనివ్వదు. అందుకే కాళ్లు కడిగి, తడి ఆరకముందే రాయాలి. కొందరికి దురద పుడుతుంది, ముందు మోచేతి మడతలో కాస్త రాసి చూసుకోవాలి.

తర్వాత కిరసనాయిలు వచ్చింది, కరెంటు వచ్చింది. చేలల్లో చెనిక్కాయ పరుచుకుంది. 1968లో గుజరాత్ జీసీహెచ్-3 సంకర రకం తెచ్చింది, ఇప్పుడు దేశంలో పండే ఆముదంలో ఎక్కువ భాగం అక్కడిదే. లిప్‌స్టిక్కులోనూ అదే నూనె. పసికళ్లకు ఆముదపు కాటుక వద్దని డాక్టర్లు అంటున్నారు, వినాల్సిందే.

మొన్న ప్రొద్దుటూరులో ఒక సీసా కొన్నాను. తేటగా ఉంది. రాత్రి మడమలకు పట్టించాను, పొద్దుటికి మెత్తబడ్డాయి. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మంగలం వాసన లేదు.