కాళహస్తి కలంకారీలో పటికయు నినుమును

పటిక యనగానే మనకు దోచునవి రెండే పనులు: క్షౌరమైన పిదప గడ్డముపై రాచుట, వానకాలపు బురదనీటిని దేర్చుట. ఈ తెల్లని గడ్డ మన దేశచరిత్రలో వహించిన పాత్రము నెఱుగవలెనన్న శ్రీకాళహస్తికి బోవలెను.

స్వర్ణముఖీతీరమందలి యా పట్టణము 2022 వఱకు చిత్తూరు జిల్లాలోనిది, నేడు తిరుపతి జిల్లాలోనిది. అచ్చటి కలంకారీ పనివారు బట్టపై రంగులతో దేవతాకథలు వ్రాయుదురని లోకము తలచును. నిజమునకు వారి కలమునుండి జాఱునది పెక్కుమాఱులు రంగు కాదు, రంగును బట్టియుంచు లవణము. మొదట బట్టను కరక్కాయ కలిపిన పాలలో దడిపి యాఱవేయుదురు. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది నాననిత్తురు. ఆ నీరు పులిసి, ఆ పులుపు ఇనుమును గరగించును. ఈ 'కసిమి' కరక్కాయబట్టకు సోకినంతనే నల్లనగును. కరక్కాయలోని వగరును ఇనుమును గలిసి నీట గరగని నల్లని పదార్థ మగుటయే దీనికి గారణము. అన్నభేదియు కరక్కాయయు గలిపి సిరా చేసిన మన పూర్వుల విద్యయు నిదియే.

ఎఱుపునకు బటిక కావలెను. పొటాషియము, అల్యూమినియము, గంధకామ్లము గలిసిన లవణ మిది. దీనిలోని అల్యూమినియము ఒకచేత నూలుపోగును, ఒకచేత చిరివేరు రంగును బట్టుకొనును. కావున పటిక తగిలినచోటనే యెఱుపు నిలుచును. మిగిలిన పటికను బాఱుటేటిలో గడుగకున్న ఎఱుపు అంతట నలుముకొనును. ఏఱును ఆ కార్ఖానాలో నొక భాగమే.

1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను పండితులు అలిజరిన్ అను నెఱ్ఱరంగును ప్రయోగశాలలో జేసిరి. పిమ్మట మంజిష్ఠ, చిరివేరుల సాగు క్షీణించెను. చిత్రమేమన, ఆ కృత్రిమపు రంగునకును బటికయే దిక్కు! మనవారికి లేనిదేమి? 'ఎట్లు' అనునది మన పనివాని చేతిలో నుండెను. 'ఏల' అని యడుగవలసిన చదువరి యా చేతిని జూడనొల్లకుండెను. తప్పు పనివానిది కాదు, చేతిపనిని జిన్నచూపు చూచిన చదువుది.

1950ల దశకమున కమలాదేవీ చట్టోపాధ్యాయ ప్రోత్సాహమున నక్కడ శిక్షణకేంద్ర మేర్పడెను. ఈ విద్యకుగాను జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించెను. గౌరవము మంచిదే, అంతటితో మన ఋణము తీఱదు. మన బిడ్డలు పాఠశాలలో పటిక సూత్రమును వల్లించుచున్నారు. కరక్కాయ నీటిలో తుప్పుమేకు వేసి, అది నల్లనగుట చూపి, 'ఏల?' అని వారి నడిగిన తలిదండ్రు లెందఱు? ఆ ప్రశ్న మన వంటయింటనే పుట్టవలెను.