కాలికి కట్టిన అబద్ధం: ఒక గుడ్లగూబ కథ

ఐనాచురలిస్ట్ యాప్ మొదలుపెట్టిన చాలామందికి వచ్చే డౌట్ ఒకటుంది. పిట్ట ఫోటో క్లియర్‌గా ఉంది కదా, మళ్లీ ఈ డేట్, లొకేషన్ గొడవేంటి అని. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఒక దొంగతనం కథ చెప్పాలి.

1872లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బస్నా వైపు, బ్లూయిట్ అనే ఆయనకి ఒక చిన్న గుడ్లగూబ దొరికింది. మరుసటి ఏడాది ఏ.ఓ. హ్యూమ్ దాన్ని కొత్త జాతిగా ప్రకటించి, బ్లూయిట్ పేరే పెట్టాడు. అవును, కాంగ్రెస్ పార్టీ పుట్టుకలో మనం చదువుకున్న హ్యూమే! ఆయనకి పక్షుల పిచ్చి మామూలుగా ఉండేది కాదు. ఈ పక్షిని ఇప్పుడు ఫారెస్ట్ ఔలెట్ అంటున్నాం. చూడ్డానికి మన ఊళ్లల్లో చెట్టు తొర్రల్లో ఉండే పైడికంటిలాగే ఉంటుంది. కానీ దీనికి నడినెత్తిన చుక్కలు దాదాపు ఉండవు, పొట్ట కింది భాగం తెల్లగా ఉంటుంది, పగటిపూట కూడా బాగా తిరుగుతుంది.

అప్పట్లో రికార్డు అంటే ఫోటో కాదు. పక్షిని కాల్చి, చర్మం ఒలిచి, లోపల దూది కూరి, కాలికి ఒక చీటీ కట్టేవాళ్లు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారు అన్నది దాని మీద రాసేవాళ్లు. మన సాఫ్ట్‌వేర్ భాషలో ఆ చీటీయే మెటాడేటా అన్నమాట. చీటీ పోతే, మిగిలేది దూది నింపిన బొమ్మ.

ఈ గుడ్లగూబ నమూనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. 1880లలో ఖాందేశ్ ప్రాంతంలో, అంటే ఇప్పటి మహారాష్ట్రలో, జేమ్స్ డేవిడ్‌సన్ కొన్ని సేకరించాడు. వాటిలో చివరిది 1884లో. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

ఒక్క నమూనా తప్ప. దాని చీటీ మీద 1914 అని, గుజరాత్‌లోని మాండ్వీ అని ఉంది. సేకరించింది రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి. ఆయన మామూలు మనిషి కాదు, పక్షి శాస్త్రంలో పెద్ద పేరు. దాంతో అందరూ నమ్మారు. ఎస్. డిల్లన్ రిప్లీ, సలీం అలీ లాంటి ఉద్దండులు వెతికినా పక్షి మాత్రం దొరకలేదు.

1990లలో పమేలా రాస్‌ముస్సెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ నమూనాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించింది. ఆ 1914 పక్షిని కూర్చిన పద్ధతి చూస్తే డేవిడ్‌సన్ చేతి పనిలా ఉంది. విషయం ఏంటంటే, అది బ్రిటిష్ మ్యూజియం నుంచి కొట్టేసిన పక్షి! పెద్దాయన దాన్ని విప్పి, మళ్లీ కూర్చి, సొంత చీటీ తగిలించాడు. ఇదొక్కటే కాదు, ఆయన సేకరణలో ఇలాంటివి ఇంకా చాలా బయటపడ్డాయి. నమూనాలు చెప్పకుండా పట్టుకెళ్లినందుకు 1919లోనే మ్యూజియం పక్షుల గదిలోకి ఆయన్ని కొంతకాలం రానివ్వలేదు. అయినా తర్వాత మళ్లీ రానిచ్చారు, అదీ విచిత్రం.

నాకు ఈ కథలో నచ్చింది తర్వాతి స్టెప్. రాస్‌ముస్సెన్ ఆ మాండ్వీ రికార్డుని పక్కన పడేసి, నిజమైన చీటీల మీద ఉన్న చోట్లకి మాత్రమే వెళ్లింది. 1997 నవంబర్ 25 ఉదయం, మహారాష్ట్రలోని షహాదా దగ్గర, ఆకులు లేని చెట్టు మీద ఎండలో కూర్చుని ఉందా పక్షి. ఆమెతో ఉన్న బెన్ కింగ్ కంట పడింది. 113 ఏళ్ల తర్వాత! నిజాయితీగా రాసిన పాత చీటీలు దారి చూపించాయి, ఒక్క అబద్ధపు చీటీ దారి తప్పించింది.

ఇప్పుడు మీ ఫోన్‌కి రండి. కెమెరాలో తీసిన ఫోటోలో టైమ్, జీపీఎస్ లోపలే ఉంటాయి, లొకేషన్ ఆన్‌లో ఉంటే. అదే ఫోటో వాట్సాప్‌లో తిరిగొస్తే ఆ వివరాలు పోతాయి. అప్పుడు మనం ఇంట్లో కూర్చుని గుర్తున్నంత మేరకు పిన్ పెడతాం. కావాలని మోసం చేయకపోయినా, మాండ్వీ లాంటి చీటీ ఇంకోటి తయారవుతుంది. అందుకే ఒరిజినల్ ఫోటోనే అప్‌లోడ్ చేయండి. సరిగ్గా ఎక్కడో తెలియకపోతే మ్యాప్‌లో ఆ గుండ్రటి గీతని పెద్దది చేయండి, అది తప్పు కాదు. ఎవరో పంపిన ఫోటోని మాత్రం మీ పేరు మీద పెట్టొద్దు ప్లీజ్. ఆ యాప్‌లో రీసెర్చ్ గ్రేడ్ రావాలంటే తేదీ, చోటు, ఫోటో లేదా శబ్దం ఉండాలి. జాతి ఏదన్నదాని మీద మూడింట రెండొంతుల కన్నా ఎక్కువమంది ఒప్పుకోవాలి. కానీ ఆ వందమంది చూసేది పక్షినే. మీరు పెట్టిన పిన్ నిజమో కాదో మీకొక్కరికే తెలుసు.

ప్రమాదంలో ఉన్న జాతుల అసలు చోటుని యాప్ చాలావరకు తనే మసకగా చూపిస్తుంది, వేటగాళ్లకి దొరక్కుండా. కాబట్టి భయపడి తప్పు లొకేషన్ పెట్టక్కర్లేదు.

నెక్స్ట్ ఎపిసోడ్ మన కడపది. 1900 తర్వాత మాయమై, 1986లో లంకమల వైపు మళ్లీ కనిపించిన కలివి కోడి. బై ఫ్రెండ్స్.